దేవుని గదిలో గూబ పిల్ల

గూబ పిల్లను పెంచానని చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖం మెత్తబడుతుంది. "ఎంత మంచి మనసమ్మా నీది" అంటారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పిల్లను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కలిగింది వట్టి అసహ్యం. మురిగిన కోడిగుడ్డు, తడిసిన గోనెసంచి, చచ్చిన ఎలుక, ఈ మూడింటి కంపూ ఒక ముద్దగా నా అరచేతిలో కూర్చుంది. ఒంటి మీద ఈకలు లేవు, మాసిన దూది అంటించినట్టు నూగు. మెడ నిలవడం లేదు. తల పక్కకు వాలిపోతుంటే మధ్యమధ్య నోరు తెరిచి బుస్సుమంటుంది. ఆ బుసలో కూడా సత్తువ లేదు.

ఎనభైల నడుమ మాట ఇది. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. సేలంలో జంతుశాస్త్రం డిగ్రీ చదివి, ధర్మపురిలో చింతపండు మండీ నడిపే ఇంటికి కోడలిగా వచ్చాను. ఎన్ని తరాల కిందటో ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాంసం ముట్టని ఇల్లు. ఆ ఒక్క ముక్కనూ మా అత్త రోజుకు నాలుగుసార్లు ఎవరికో ఒకరికి గుర్తుచేసేది.

ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే పెంకుల గోదాము. శివరాత్రి దాటగానే చింతకాయ బండ్లు దిగేవి. గోదాము ముందు పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని పైపెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్కలు తీసేవాళ్ళు. ఆ పుల్లటి ఘాటు మా చీరల్లోకి, దిండ్లలోకి, తినే అన్నంలోకి ఎక్కేది. గోదాము నిండా ఎలుకలు. వాటికోసం మా మామ ఏటా పిండి ఉండల్లో మందు కలిపి మూలమూలలా పెట్టించేవాడు. ఆ ఏడాది ఒక పెద్ద గూబ గోదాము తలుపు ముందు రెక్కలు పరుచుకుని చచ్చిపడింది. మందు తిన్న ఎలుకను అది తినిందని తెలుసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. మర్నాడు ఉదయం అటక మీది నుంచి దాని పిల్ల బస్తాల మధ్యకు దొర్లింది. తల్లిని చంపింది మనం, పిల్లను బతికించే పని కూడా మనదే అన్నాను. దానికి జాలి అని పేరు పెట్టకండి. తప్పు చేసినవాడు దులుపుకుని పోతుంటే నాకు పడదు, అంతే.

"ఆందె పిల్లమ్మే అది! పారేసి వచ్చి తలకు పోసుకో," అని అత్త పెరటి మెట్టు మీది నుంచే అరిచింది. గూబను మావైపు తమిళంలో లాగా ఆందె అనే అంటారు. "మా పుట్టింట్లో ఇట్లే ఒకటి దూరితే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టినారు. తెలుసునా నీకు?"

గూబ దూరిన ఇంటికి తాళం వేసి, వేరే చోటికి కాపురం మార్చడం ఇక్కడి పాత ఆచారం.

"అయితే మనమూ పాడుపెడదాం అత్తా. నేను మూట కట్టుకుంటా, మీరు మీ జాడీలు సర్దుకోండి," అన్నాను.

మామ తమలపాకు నములుతూ వచ్చాడు. అటు బండ్లు, ఇటు బస్తాలు, నడుమ కోడలి చేతిలో పక్షి.

"సీజన్లో ఇల్లు పాడుపెట్టేది ఎట్ల కుదురుతుంది?" అన్నాడు. "గోదాము ఇల్లు కాదు. గోదాములో దూరితే దోషం లేదు."

"ఎవరు చెప్పినారు మామా?"

"నేను చెప్తా ఉండాను గదా."

అలా మా ఇంటి శాస్త్రం పెరటి నడుమ దాకా వచ్చి ఆగింది. గూబ ఇటు రాకూడదు, అటు ఉండొచ్చు. బండ్లు లేని నెలలో అయితే ఇదే మనిషి తాళంచెవి పట్టుకుని ముందు నడిచేవాడు.

గోదాములో ఒక పాత గంపలో గోనెసంచి పరిచి దాన్ని కూర్చోబెట్టాను. ఇప్పుడు తిండి సంగతి. పిక్కలు తీసేవాళ్ళలో పెరియంపట్టి నుంచి టౌన్ బస్సులో వచ్చే ఆమె ఒకతె ఉండేది. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేది. నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా మండీ ఇంటి కోడలినని నన్ను అక్కా అనేది.

"దీనికి ఏమి పెడతావక్కా? మీ ఇంటి రసమా?" అంది గంపలోకి వంగి.

"మాంసం కావాల."

"మీ ఇంట్లోనా! మీ అత్త మనిద్దరినీ కలిపి ఈ పందిరి గుంజకు కట్టేస్తుంది." అంటూ నవ్వింది. నవ్వినా, మర్నాడు తన టిఫిన్ డబ్బా అడుగున ఆకులో చుట్టి పిడికెడు మాంసం తెచ్చింది. పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్ళు కడిగిందట. ఎముక ఏరింది, కొవ్వు తీసింది, చంటిబిడ్డకు పెట్టేంత సన్నగా తరిగింది. "కడుపు నొయ్యకుండా," అంది. మూడేళ్ళు కప్పలను కోసి పట్టా పుచ్చుకున్న నేను, "ఎంత శుభ్రంగా చేసినావు!" అని మెచ్చుకున్నాను. తల పిన్ను చివర ఆ పచ్చటి తునకలు గుచ్చి, ముక్కు చివర తగిలిస్తే, పిల్ల గుటుక్కున మింగేది. నా వేళ్ళకు ఆ నీచు వాసన అంటుకుని సబ్బుకు పోయేది కాదు. భోజనం దగ్గర చెయ్యి నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

నాలుగైదు రోజులు గడిచాయి. తింటోంది, కానీ చిక్కిపోతోంది. కాళ్ళు చెరోపక్కకు జారిపోయి పొట్ట మీద పడి ఉంటోంది. బుస కూడా మానేసింది. పెరియంపట్టి ఆమె మరింత శ్రద్ధగా, మరొక నీరు ఎక్కువ కడిగి తెచ్చింది. ఇద్దరం కలిసి దాన్ని శుభ్రంగా చంపుతున్నామని ఇద్దరికీ తట్టలేదు.

ఆరో రోజున, అసలు ఇది పుట్టిన చోటు ఎలా ఉంటుందో చూద్దామని నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. అక్కడి కంపుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గూడు లేదు, పుల్ల లేదు. అటక పలక మీద బొటనవేలంత నల్లటి ఉండలు, వందల కొద్దీ, పరుపులా పేరుకుపోయి ఉన్నాయి. రెట్ట అనుకున్నాను. ఒకటి తీసి విరిస్తే లోపల ఎలుక బొచ్చు. బొచ్చులో చుట్టుకుని పుర్రె, దవడ, సూదుల్లాంటి ఎముకలు. గూబ ఎలుకను తోలూ ఎముకతో సహా మింగి, అరగనిదాన్ని ఉండ కట్టి కక్కుతుంది. ఆ కక్కు మీదే పిల్లలు పెరుగుతాయి. పరీక్షలో రెండు పేజీలు రాసిన సంగతే ఇది. నా చేతిలో ఆ పుర్రె పగిలేదాకా గుర్తు రాలేదు. మనం తీసి పారేసిన ఎముకే దానికి కాళ్ళు. మనం కడిగేసిన నెత్తురే దానికి నీళ్ళు.

కిందికి దిగి మా ఆయన దగ్గరకు పోయాను. మామ వెనక ఉండి బస్తాలు తూచడమే ఆయన ఉద్యోగం.

"మందు ఆపించండి. బోనులు పెట్టండి. నాకు మందు తినని ఎలుకలు కావాల."

"నాయన ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకపోతే పిల్ల చస్తుంది. చస్తే తెచ్చి ఆ త్రాసులో పెడతా. దాని బరువూ తూచండి."

సాయంత్రానికి రెండు బోనులు వచ్చాయి. నా మొగుడు మంచివాడే. బోనును నీళ్ళ డ్రమ్ములో ముంచేదాకా ఆయన పని, ఆ తర్వాత గోడవైపు తిరిగి నిలబడేవాడు. కోయడం నాది. చింతకాయలు తెచ్చే గోనె మీద కూర్చుని, ముక్కుకు కొంగు బిగించి, ఎలుకను తోకతో సహా ముక్కలు చేసేదాన్ని. కాలేజీలో కోసిన ఎలుకలకు ఫార్మలిన్ వాసన ఉండేది. ఇక్కడి ఎలుకకు దాని సొంత వాసనే, లోపల మా చింతపండు. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. మూడోసారి రాలేదు. రానందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఇంట్లో ఒక కత్తిపీట తగ్గిన సంగతి అత్త రెండో రోజే కనిపెట్టింది.

"నా చిన్న కత్తిపీట యాడ పోయింది?"

"గోదాములో ఉంది అత్తా."

"దాంతో ఏమి కోసినావు?"

"ఏమి కోసినానో చెప్తే మీరు మధ్యాహ్నం తిన్నది ఉండదు."

ఆ రోజంతా ఇంట్లోని తక్కిన కత్తిపీటలు, చాకులు, చివరకు కొబ్బరి కోరాము కూడా నీళ్ళ తొట్టి దగ్గర పసుపు పూసుకుని ఎండలో ఆరాయి. రెండు పూటలు కూరలు లేవు. కోయడానికి ఆమెకు చెయ్యి రాలేదట.

పిల్లకు మాత్రం చెయ్యి, కాలు అన్నీ వచ్చాయి. మూడో రోజు గొంతు సాగదీసి, తల అటూ ఇటూ తిప్పి, ఎవరో పీక పిసుకుతున్నట్టు గిజగిజలాడి, నల్లటి ఉండ ఒకటి నా పాదం మీద కక్కింది. పెరియంపట్టి ఆమె, "అయ్యో, చస్తా ఉంది!" అని లేచింది. "లేదు, బాగయింది," అని నేను కక్కును అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాను. వారానికి లేచి నిలబడింది. ముఖం చుట్టూ తెల్లటి రేఖ తేలింది. రెక్కల మీద గోధుమరంగు ఈకల మొనలు పొడుచుకొచ్చాయి. అయితే ఇంకా తేలికే. రెండు పూటలు తిండి తప్పితే మళ్ళీ మెడ వాలిపోయేది.

అప్పుడొచ్చాడు ఉత్తరాది వ్యాపారి. సీజన్లో ఒకసారి వచ్చి సరుకు చూసుకుని పోయేవాడు. గోదాములో బస్తా విప్పి వాసన చూస్తుంటే పక్కన గంపలోంచి బుస వినిపించింది. వంగి చూసి రెండు చేతులూ జోడించాడు.

"సేట్జీ, అదృష్టవంతులు మీరు!" అన్నాడు వచ్చీరాని తమిళంలో. "లక్ష్మీమాత వాహనం! మీ సరుకు నడుమకు వచ్చి కూర్చుంది!"

మామ ముఖం చూడాలి అప్పుడు. పదిహేను రోజులుగా ఆ గంప పక్కనుంచి పోయేటప్పుడు ఉమ్మేసేవాడు. ఆ నోట్లో ఉన్న ఉమ్మి మింగి, తనూ చేతులు జోడించాడు. వ్యాపారి మండీ మెట్లు దిగేలోపల గంప పెరడు దాటింది. హాలు దాటింది. దేవుని గదిలో పటాల ముందు పీట మీదకు ఎక్కింది. ఇల్లు పాడుపెట్టాలన్న అత్తే ముందు నడిచి దారిలో నీళ్ళు చల్లింది.

"అత్తా, ఇది ఆందె గదా!" అన్నాను.

"నోరు కడుక్కో. అమ్మ అది."

"నిన్నటిదాకా శని అన్నారు."

"తెలీక అన్నాము. చదివినదానివి, నువ్వన్నా చెప్పినావా?"

ఎలుకలు బంద్. దేవుని గదిలోకి ఎలుక మాంసం రాదు. లక్ష్మికి ఏది ఇష్టమో అదే నైవేద్యం. నా మొగుడు చిన్నప్పుడు పాలు తాగిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలోంచి తీశారు. అత్త ఒళ్ళో తువ్వాలు పరిచి, పిల్ల ముక్కు తెరిచి, ఆవుపాలు పోసింది. ముక్కు రంధ్రాల్లోంచి పాలు బుడగలుగా వచ్చాయి. "చూడు, ఎంత ఆశగా తాగుతా ఉందో!" అంది. పైన అరటిపండు గుజ్జు. నుదుటి మీద, అంటే కళ్ళ నడుమ ఆ మెత్తటి నూగు మీద, కుంకుమ. వీధిలోని ఆడవాళ్ళు పూలూ కర్పూరమూ పట్టుకుని వరసగా వచ్చారు. గూబకు చెవి చురుకు, వెలుతురు పడదు. గంట గణగణలాడినప్పుడల్లా అది గోడకు అతుక్కునేది. "దండం పెడతా ఉంది," అని ఒకామె చెంపలు వేసుకుంది.

నేను అరిచాను. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నాను. పక్షికి పాలెక్కడివి, దాని తల్లి ఏ రొమ్ము ఇచ్చిందన్నాను. ఆ మాటకు మామ చెవులు మూసుకున్నాడు. అటక మీది ఉండ తెచ్చి, పగలగొట్టి, పుర్రె చూపించాను, దేవుని గదిలోనే. అత్త ఇంటిల్లిపాదికీ మళ్ళీ తలస్నానం పెట్టింది. మా ఆయన నన్ను పక్కకు లాగి, "సీజన్ అయ్యేదాకా ఓర్చుకో," అన్నాడు.

"సీజన్ అయ్యేదాకా అది ఉండదు."

"అమ్మకు నచ్చచెప్పు."

"మీ అమ్మకు మీరు చెప్పండి. ఆ ఉగ్గుగిన్నె మీదే గదా."

రెండో రోజుకు రెక్క జారింది. కింద తెల్లటి నీళ్ళ విరేచనం, దాని మీద పూలు, దాని మీద అగరుబత్తి పొగ. ఆ గదిలోకి పోతే అటక కంపే నయమనిపించింది. మూడో రోజు ఉదయం మెడ వాలిపోయింది. గంపలోకి వచ్చిన మొదటి రోజు ఎలా ఉందో అలా. ఇంకొక రోజు ఇక్కడ ఉంటే చచ్చిపోతుంది. దానికి హారతి ఇస్తూ చంపుతారు.

మధ్యాహ్నం భోజనాలయి అందరూ చాపల మీద వాలగానే, పిల్లను తువ్వాలులో చుట్టి, పిక్కల గంపలో పెట్టి, పైన ఆకు కప్పాను. పెరియంపట్టి ఆమెను పందిరి కింద నుంచి లేపి బస్టాండుకు తీసుకుపోయాను. ఆమె మొగుడికి ఊరి బయట వేరుశనగ చేను కాపలా. చేని మోటారు కొట్టులో చీకటి ఉంది, చేని నిండా ఎలుక బొక్కలున్నాయి. కడగవద్దు, ఎముక తీయవద్దు, పాలు చూపించనైనా చూపించవద్దు అని దారి పొడుగునా చెప్పాను.

"తెలిసిందక్కా. మా ఆయనకు నేను ఇంత చెప్పి పెట్టి ఉంటే వాడూ బాగుపడును," అంది.

బస్సు మెట్టు దగ్గర కండక్టర్ ముక్కు మూసుకున్నాడు. "గంపలో ఏమమ్మా? పీనుగా?"

"కోడిపిల్లన్నా."

"ఏ ఊరి కోడి ఇట్ల కంపు కొట్టేది?"

"మీ బస్సు ఎక్కకముందు బాగానే ఉండె," అంది ఆమె, గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటూ.

నేను ఇంటికి వచ్చేసరికి గొడవ మొదలయింది. పీట ఖాళీ. మామ పంచె బిగించి హాల్లో నిలబడి ఉన్నాడు. పందిరి కింద ఎవరు లేరో అప్పటికే లెక్క చూసేశారు.

"పెరియంపట్టిదే ఎత్తుకుపోయింది," అన్నాడు. "మంత్రాలవాళ్ళకు అమ్మేస్తుంది. రేపు పోలీసును తీసుకుని దాని ఇంటికే పోతా."

పోతే పిల్ల దొరుకుతుంది. దొరికితే మళ్ళీ పీట, మళ్ళీ పాలు.

"ఆమె తీయలేదు. మీరు పడుకున్నప్పుడు చచ్చిపోయింది. నేనే తీసేసినాను," అన్నాను.

అత్త నెత్తి కొట్టుకుంది. కొట్టుకుంటూనే, "యాడ పూడ్చినావు? చూపించు," అంది. "పసుపు బట్ట చుట్టి మళ్ళీ పూడ్చాల."

"పూడ్చలేదు. మునిసిపాలిటీ కుప్పతొట్టిలో వేసినాను."

"పోయి తెస్తా," అని మామ చెప్పులు వేసుకున్నాడు. "ప్రాణం ఉందేమో."

"లేదు. మెడ తిప్పి వేసినాను," అన్నాను. "మీ పాలు తాగి ముక్కుతో మూలుగుతా ఉంటే చూడలేక నేనే చంపినాను. బండి వచ్చి ఎత్తుకునిపోయింది. ఇంక ఎవరి ఇంటికీ పోవద్దు."

నేను ఎదురుచూసింది ఒక్క ప్రశ్నకే. రోజూ ఎలుకలు కోసి తినిపించిన మనిషి దాని మెడ ఎందుకు తిప్పుతుంది? ఎవరూ అడగలేదు. అత్త నమ్మింది. మామ నమ్మాడు. గోడవైపు తిరిగి నిలబడే నా మొగుడు కూడా, నా చేతుల వైపు ఒకసారి చూసి, నమ్మాడు. నాలుగేళ్ళు వాళ్ళకు వండిపెట్టిన చేతులు అవి. వాళ్ళు నమ్మడం పుట్టించినంత రోత నాకు ఎలుక పేగులు కూడా పుట్టించలేదు.

నాకు శాంతి చేయించాలని తేల్చారు. రెండు అమావాస్యలు దాటి, మంచిరోజు చూసి, ఏడు వారాల తర్వాత. ఈలోపల వంటింట్లోకి నాకు ప్రవేశం లేదు. పందిరి కిందే కూర్చుని కూలీలతో పిక్కలు తీశాను. పెరియంపట్టి ఆమె పక్కనే కూర్చుని, ఈనె లాగుతూ, తల ఎత్తకుండా చెప్పేది: "ఈ పొద్దు ఒకటి మింగింది." "నిన్న రెండు. కక్కింది కూడా." "మా ఆయన వేలు కొరికింది. వాడిదీ ఎముకే గదా!"

శాంతి రోజు తడి చీరతో పొగలో కూర్చోబెట్టారు. పురోహితుడు మంత్రం చదివి, దాని అర్థం విడమరిచి, నన్ను అనమన్నాడు. తెలిసో తెలియకో చేసిన పాపం పోవాలి.

"తెలిసే చేసినాను," అన్నాను.

"అట్ల అనకూడదమ్మా. తెలిసో తెలియకో అనండి."

"రెండూ ఎట్ల అవుతుంది సామీ? ఏదో ఒకటి రాసుకోండి."

"అనవే ముండా," అని అత్త వెనక నుంచి వీపు మీద పొడిచింది. అనలేదు. ఆయన మూడుసార్లు అడిగి, నా బదులు తనే అనేసి, పసుపునీళ్ళు నా నెత్తిన కుమ్మరించాడు. కళ్ళు మండుతుంటే పెరట్లోకి వచ్చి కొంగు పిండుకున్నాను.

పందిరి కింద పెరియంపట్టి ఆమె అప్పుడే బస్సు దిగి వచ్చి గంప దించుతోంది.

"మూడు దినాలుగా కొట్టులోకి రాలేదక్కా," అంది. "సాయంత్రం చేని గట్టు మీద తిరుగుతా ఉంది, అదే పట్టుకుంటా ఉంది. మా ఆయన కళ్ళారా చూసినాడు. కొట్టు మాత్రం కడిగేదానికి లేదు, అంత గబ్బు."

"కడగవద్దు," అన్నాను.

లోపల అత్త ఎవరితోనో చెబుతోంది, నా కోడలు లక్ష్మిని మెడ విరిచి చంపిందని. ఆమె పోయేదాకా, వచ్చిన ప్రతి చుట్టానికీ అలాగే చెప్పింది. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.